కొసరు చుక్కలు

నెల్లూరు జిల్లాలో గంజాయి నూనెను బేరమాడి కొన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. దొంగసరుకు కాదు. వైద్యురాలి చీటీ మీద ఇచ్చే మందు, సీసా మీద ధర అచ్చువేసి ఉన్న మందు. అలాంటి దాని ధర తగ్గించి, పైన ఇంకో చిన్న సీసా ఉచితంగా రాబట్టి, ఆటో ఎక్కేదాకా నవ్వు ఆపుకున్నాను. మందుల దగ్గర బేరమాడకూడదని అందరూ అంటారు, ఎందుకు ఆడకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఆడాను, గెలిచాను. ఆ గెలుపుతోనే మా అక్కను ఆసుపత్రి మంచం ఎక్కించాను.

మాది విడవలూరులో కిరాణా అంగడి. నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నాను. చిన్నప్పుడు నాకూ అక్కకూ బడికంటే ముందు అంగడే పాఠాలు చెప్పింది. కొనేటప్పుడు మన అవసరం ఎంతో అవతలివాడికి తెలియనివ్వకూడదు. నాన్న టోకు వ్యాపారి దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయినప్పుడు, మాలో ఎవరైనా సరుకు బాగుందన్నట్టు మొహం పెడితే వెనకనుంచి గిల్లేవాడు. గిల్లితే నోరు మూసుకోవాలి. ఇక అమ్మేటప్పుడు తూకం దగ్గర ఆగిపోకూడదు. ముల్లు నిలిచాక పైన ఇంకో చిటికెడు వేయాలి. అదే కొసరు. కొసరు వేయని అంగడికి మా వైపు జనం రెండోసారి రారు. ఇప్పుడు కాటా మీద ఎర్ర అంకెలు వస్తున్నా, అంకె నిలిచాక కూడా నా చెయ్యి నిలవదు. పప్పు అయినా పంచదార అయినా ఓ చిటికెడు పడాల్సిందే. ఈ రెండు పద్ధతులూ మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టాయి కాబట్టి, అవి ఎక్కడైనా చెల్లుతాయని నా నమ్మకం.

అక్క నాకంటే పెద్దది. సంగంలో వరి పండించే ఇంటికి కోడలుగా వెళ్లింది. చాలా ఏళ్ల కిందట ఆమె గుండెలో ఒక వాల్వు చెడిపోతే తీసేసి లోహపు వాల్వు పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. అది రక్తాన్ని పలచగా ఉంచుతుంది. మరీ పలచబడితే లోపల ఎక్కడైనా రక్తం కారొచ్చు, పలచదనం చాలకపోతే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. అందుకని నెలనెలా నెల్లూరులో రక్తం పరీక్ష చేసి ఒక అంకె ఇస్తారు. ఆ అంకెను బట్టి గుండె డాక్టరు మాత్రను కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తాడు. అక్క ఆ అంకెను మా అంగట్లో ఉల్లిపాయల ధర అడిగినంత మామూలుగా అడిగి తెలుసుకునేది.

పోయిన వానాకాలంలో ఆమెకు సర్పి లేచింది. వీపు నుంచి ఎడమ పక్కటెముకల మీదుగా పట్టీ చుట్టినట్టు పొక్కులు వచ్చాయి. పొక్కులు మానాయి గానీ నొప్పి పోలేదు. నరం దెబ్బతింటే కొందరికి ఇలా నెలల తరబడి ఉండిపోతుందని డాక్టర్లు చెప్పారు. నరాల మాత్రలు ఇస్తే తల తిరిగింది. రక్తం పలచగా ఉన్న మనిషి తూలి పడకూడదు గనుక మోతాదు తగ్గించారు. నొప్పి మళ్లీ మొదటికొచ్చింది. నారుమళ్ల పనిలో బావ ఇల్లు కదల్లేని రోజులవి. అక్కను నేనే మా ఇంటికి తెచ్చుకున్నాను.

పగలంతా అంగట్లో నా పక్కన స్టూలు మీద కూర్చునేది. చీర కొంగు ఆ పక్క తగలకుండా చేత్తో పట్టుకునేది. ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేకపోయేది.

"ఒంటి మీద ఎవురో పచ్చిమిరపకాయలు నూరతా ఉండారే," అనేది. "ఆపమంటే ఆపరు."

చేపలు తెచ్చే ఆమె ఒకరోజు గంప దించి, అక్కను చూసి జాలిపడింది. "గంజాయి నూనె రాస్తే పోద్ది పెద్దమ్మా. మా వోళ్లు నడుం నొప్పులకి యాడనుంచో తెచ్చి రాస్తారు."

"మెల్లగా మాట్లాడు తల్లీ," అన్నాను. "ఎదురు గోడ మీద పోలీసోళ్ల బొమ్మ చూసినావా? గంజాయి పట్టిస్తే బహుమానమంట. ముందు నిన్నే పట్టిస్తా."

"పట్టియ్యి. బహుమానంలో సగం నాదే," అని గంప ఎత్తుకుని పోయింది.

ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. ఫోనులో వెతికాను. గంజాయి నూనె చక్కెర వ్యాధి నుంచి క్యాన్సరు దాకా అన్నీ కుదురుస్తుందని రాసినవి కుప్పలుగా వచ్చాయి. అన్ని రోగాలకూ పనిచేస్తుందన్న సరుకును మా నాన్న గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. వాటిని పక్కకు తోసి, చట్టం ఏమంటుందో చదివాను. సరుకు కొనేముందు దాని మీద ఏ పన్ను పడుతుందో చూసుకోవడం మాకు అలవాటే.

చట్టం ఆ మొక్కను కసాయి మేకను కోసినట్టు భాగాలు చేసింది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. అది దగ్గరుంటే నేరం. మొక్క నుంచి తీసే బంక చరస్సు, అదీ నేరం. పూత కలవని ఉత్త ఆకు, ఉత్త విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఆకు సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. అందుకే ఉత్తరాదిలో కొన్నిచోట్ల సర్కారు అనుమతి ఉన్న అంగళ్లలో భంగు అమ్ముతారు. ఆకు సారంతో లైసెన్సు ఉన్నవాళ్లు ఆయుర్వేద మందు తయారుచేస్తారు, వైద్యుల చీటీ మీద ఇస్తారు. అక్కడ దాని పేరు విజయ. విత్తనం, విత్తనం నూనె తిండి సరుకుల్లోకి వెళ్లాయి. మొక్క ఒకటే. ఒక ముక్కకు జైలు, ఒక ముక్కకు చీటీ, ఒక ముక్కకు పోపు గరిటె. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఇదేమీ పిచ్చి లెక్క కాదనిపించింది. మత్తెక్కించే పదార్థం పూతలో, బంకలో ఎక్కువ, ఆకులో తక్కువ, విత్తనంలో దాదాపు ఉండదు. దాన్ని చూసే గీతలు గీశారు.

నెల్లూరులో అలాంటి మందు ఇచ్చే ఆయుర్వేద వైద్యశాల ఉందని తెలిసి అక్కను తీసుకుపోయాను. డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో నెమ్మది. బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి. నా చెయ్యి సహజంగానే చవకదాని మీదికి పోయింది.

"ఇదీ ఆ మొక్కదే గదమ్మా?"

"మొక్క అదే అక్కా. కానీ అది విత్తనం నూనె. అందులో నొప్పికి పనికొచ్చేది ఏమీ ఉండదు. మీరు ఉప్మాలో పోసుకోవచ్చు."

"మరి ఇది?"

"ఇది ఆకు సారం. ఇందులో రెండు ముఖ్యం. టీహెచ్‌సీ అనేది మత్తెక్కిస్తుంది, సీబీడీ మత్తెక్కించదు. ఏది ఎంత ఉందో పరీక్ష కాగితం ఉంది, చూడండి."

"కాగితం తర్వాత చూద్దాం. నొప్పి పోతుందా?"

"గ్యారంటీ ఇవ్వను," అంది. "పిల్లలకు వచ్చే కొన్ని రకాల మూర్ఛలకు సీబీడీ పనిచేస్తుందని గట్టిగా తేలింది. క్యాన్సరు మందులతో వచ్చే వాంతులకు కొన్ని దేశాల్లో టీహెచ్‌సీ లాంటి మందులు ఇస్తారు. నరాల నొప్పికి కొందరికి కాస్త తగ్గుతుంది. చాలామందికి తేడానే తెలియదు."

"గ్యారంటీ లేని సరుక్కి గ్యారంటీ ఉన్న ధర ఎట్నమ్మా? మా అంగట్లో పప్పులో ఒక్క పురుగు కనిపిస్తే నేను తగ్గించి ఇస్తా."

ఆమె నవ్వింది. అమ్మేవాళ్లు నవ్వారంటే ధర దిగుతుంది. అప్పుడు ఆమె అక్క వైపు తిరిగి అడిగింది. "ఇంకేం మందులు వాడుతున్నారు? బీపీకి, చక్కెరకి, మూర్ఛకి, రక్తం పలచబడటానికి?"

అక్క నోరు తెరిచింది. "నాకు గుండెలో..."

నేను గిల్లాను.

ఎందుకు గిల్లానో నాకు తెలుసు. గుండెలో లోహం ఉందని చెబితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. అమ్మనంటుంది, లేదా ఇంత నొప్పిలో వీళ్లకు వేరే దారి లేదని పసిగట్టి ధర దించదు. అక్క యాభై ఏళ్ల కిందటి పిల్లలా టక్కున నోరు మూసుకుంది.

"పెద్దవయసు గదమ్మా, ఏవో మాత్రలు," అన్నాను. "గుండెకు కూడా ఒకటుంది. పేరు గుర్తులేదు."

"అయితే ఇంటికి వెళ్లగానే ఆ మాత్రల ఫోటో నాకు పంపండి. నేను చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి. మొదలుపెట్టాక పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు."

"అట్నేలేమ్మా," అన్నాను. తర్వాత ధర తగ్గించాను, చిన్న సీసా రాబట్టాను. ఫోటో పంపలేదు. పంపితే వద్దంటుందేమోనని అనుమానం. సరుకు చేతికొచ్చాక అమ్మినవాళ్లను మళ్లీ కదిలించడం మా ఇంటి పద్ధతి కాదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. అక్క పక్షిపిల్లలా నోరు తెరిచేది. నాలుక కింద నాలుగు చుక్కలు వేసేదాన్ని. నాలుగు పడ్డాక నా చెయ్యి ఆగాలి గదా. ఆగలేదు. ఇంకోటి, కొన్నిసార్లు ఇంకో రెండు.

"లెక్క అయిపోయింది గదే," అనేది అక్క.

"సొంత అక్కకు కూడా కొలిచి పోస్తానా? మూయబోకు. ఇది కొసరు."

కొన్నాళ్లకు అక్క నిద్రపోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం స్టూలు మీదే కునుకు తీసేది. లేచి ఇంకో దోసె వెయ్యమనేది. కొంగు పట్టుకోవడం తగ్గింది. బావ ఫోను చేసి నన్ను ఆటపట్టించాడు.

"ఏం మరదలా, మీ అక్కకు గంజాయి పోస్తా ఉండావంటనే? ఈసారి వరి మానేసి అదే వేద్దునా?"

"వెయ్యి బావా. జైలుకు కూడు నేనే తెస్తా."

"నువ్వు తెస్తావు. దారిలో దానిక్కూడా బేరం పెట్టి అమ్ముకుంటావు."

ఆ రోజుల్లో నా అంత తెలివైనది జిల్లాలోనే లేదనుకున్నాను.

ఒక పొద్దున అక్క పళ్లు తోముకుని ఉమ్మితే నీళ్లు ఎర్రగా ఉన్నాయి. బ్రష్షు గరుకుగా ఉందేమోనని అంగట్లోంచి మెత్తని బ్రష్షు తీసిచ్చాను. తర్వాత ముంజేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు కనిపించాయి. మంచం తగిలి ఉంటుందన్నాను, అక్క కూడా అయ్యుంటుందిలే అంది. నిద్రపోతున్న మనిషిని లేపడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఆ నూనె మీద అనుమానం నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. వచ్చినదాన్ని నష్టపు సరుకును వెనక వరుసలోకి నెట్టినట్టు వెనక్కి నెట్టాను.

ఆ వారంలోనే, నేను పంచదార తూస్తుండగా అక్క ముక్కు నుంచి రక్తం కారింది. చీర కొంగు అదిమిపెట్టింది, ఆగలేదు. తువ్వాలు అదిమినా ఆగలేదు. అంగడి తలుపు సగం దించి ఆటోలో నెల్లూరు తీసుకుపోయాను.

రక్తం పరీక్ష అంకె చూసి గుండె డాక్టరు మళ్లీ పరీక్ష చేయమన్నాడు. రెండోసారీ అదే వచ్చింది. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ.

"మాత్ర పొరపాటున రెండుసార్లు వేసుకున్నారా?"

"లేదు సార్."

"కొత్తగా ఏమన్నా మందు? జ్వరానికో, నొప్పికో? నాటుమందు? ఏదైనా సరే."

నా నోరు 'లేదు' అనడానికి సిద్ధమైంది. బేరంలో అలవాటైన 'లేదు' అది. దాని వెనక ఇంకో భయం కూడా ఉంది. ఆసుపత్రిలో నిలబడి గంజాయి అన్న మాట ఎట్లా అనడం? చీటీ ఉన్నా ఆ పేరు వినగానే పోలీసు బొమ్మే గుర్తొచ్చింది. నాలాంటివాళ్లు ఎంతమంది ఆ పేరుకు జడిసి డాక్టరు దగ్గర నోరు మూసుకుంటారో!

అక్క ముక్కు మీంచి తువ్వాలు తీసింది. "గంజాయి నూనె సార్. ఇది చుక్కలు ఏసింది, నేను నోరు తెరిచినాను."

డాక్టరు కేకలు వేయలేదు. "ఎన్ని చుక్కలు?"

"నాలుగు," అన్నాను.

"నాలుగు కాదు సార్," అంది అక్క. "కొసరుతో ఆరు దాకా ఉంటాయి."

"కొసరా?"

నేను చెప్పాను. డాక్టరు "చుక్కల్లో కూడానా అమ్మా?" అన్నాడు. నర్సు మొహం తిప్పుకుంది. నవ్వుకో కోపానికో నాకు తెలియదు.

తర్వాత ఆయన వివరించాడు. అక్క మాత్రను కాలేయం విరగ్గొట్టి బయటికి పంపుతుంది. సీబీడీని కూడా కాలేయమే విరగ్గొట్టాలి. అది వచ్చి ఆ పనిని అడ్డుకుంటుంది. నాకు వెంటనే అర్థమైంది. అంగట్లో కాటా దగ్గర ఒక్కడే మనిషి ఉన్నాడనుకోండి. గోల చేసే గిరాకీ ఒకడొచ్చి వాణ్ణి పట్టుకుంటే, రోజూ వచ్చే గిరాకీ అక్కడే నిలబడిపోతాడు. మర్నాడు ఇంకొకరు, ఆ మర్నాడు ఇంకొకరు చేరతారు. అలా అక్క రోజూ వేసుకున్న మాత్రే ఒంట్లో పేరుకుపోయింది. మాత్ర పెరగకుండానే దాని పని పెరిగింది. నా కొసరు ఆ గోలకు ఇంకాస్త జనాన్ని తోలింది.

"మందు చెడ్డదని నేను అనడం లేదు," అన్నాడు డాక్టరు. "వద్దని చెప్పేవాణ్ణే. అది వేరే సంగతి. ముందు నాకు తెలియాలి గదమ్మా."

ఆ రోజే చేర్చుకున్నారు. ముక్కులో గుడ్డ కుక్కి రక్తం ఆపారు. పలచబడ్డ రక్తాన్ని వెనక్కి తేవడానికి విటమిన్ మందు కొంచెం కొంచెంగా ఇచ్చారు. ఎక్కువ ఇస్తే లోహపు వాల్వు మీద గడ్డ కట్టి మనిషే పోవచ్చు. తక్కువైతే తలలో రక్తం కారొచ్చు. జీవితమంతా ఎక్కువ వేయడమే మంచితనమనుకున్న నేను, నర్సు సూదిలోకి మందు లాగి, గీత దగ్గర ఆపి, కళ్లకు ఎదురుగా పట్టుకుని, గీత దాటిన ఒక్క బొట్టును బయటికి తోసేయడం చూస్తూ నిలబడ్డాను.

బావ పొలం నుంచి నేరుగా వచ్చాడు. తల స్కానింగు నుంచి అక్కను బయటికి తెచ్చి, లోపల రక్తం లేదని చెప్పేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడ్డాడు. చెప్పాక బెంచీ మీద కూలబడ్డాడు.

"ఫోటో పంపమన్నదంట గదా ఆయమ్మ," అన్నాడు.

"అన్నది బావా."

"ఊరికే వచ్చే పనే అది. దాంట్లో ఏం మిగిలించుకుందామనుకున్నావు?"

నేను లేచి క్యాంటీనుకు పోయి బావకు భోజనం పట్టుకొచ్చాను.

అంకె మెల్లగా దిగింది. ఇక ఫర్వాలేదన్న చోటికి అది వచ్చాక నేను సీసాలు సంచిలో వేసుకుని ఆయుర్వేద వైద్యశాలకు పోయాను. తగవుకే పోయాను. ఇంత ప్రమాదం ఉంటే ముందే ఎందుకు చెప్పలేదని అడుగుదామని. డాక్టరమ్మ నేను చెప్పింది మొత్తం విని, ఫోను తీసి, నేను ఫోటో పంపాల్సిన చోట ఏమీ లేకపోవడం చూపించింది.

"అడిగాను అక్కా. రక్తం పలచబడే మందులని పేరు పెట్టి అడిగాను."

"అడిగినావమ్మా," అన్నాను. తగవు అక్కడితో అయిపోయింది.

"నా తప్పు కూడా ఉంది. ఫోటో చూశాకే సీసా ఇవ్వాల్సింది. ఇప్పుడు అట్లాగే చేస్తాను," అంది. నా ఎదురుగానే గుండె డాక్టరుకు ఫోను చేసి, సీసాలో ఏది ఎంత ఉందో కాగితం చూసి చదివింది. ఆ రోజు నేను చూడనన్న కాగితమే.

అక్కను ఇంటికి పంపే ముందు ఇంకో బేరం జరిగింది. ఈసారి ఆడింది అక్క.

"సార్, ఆ నూనెతో నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు మళ్లీ మిరపకాయలు నూరతా ఉండారు. నాలుగు చుక్కలు వద్దు, ఒక్కటి ఇయ్యండి."

"వద్దమ్మా."

"వారం వారం రక్తం ఇస్తా. మాత్ర తగ్గించుకుంటా. మీరు ఏ గీత దగ్గర ఆపమంటే ఆడ ఆపుతా. నా గుండె సంగతి, నా నొప్పి సంగతి అంతా మీకు చెప్పినా గదా. ఏదో ఒకటి చూపీయండి సార్. ఇట్నే ఇంటికి పోలేను."

అంత అవసరాన్ని అంత బాహాటంగా బల్ల మీద పెట్టి బేరమాడటం నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చర్మం మీద అంటించే తిమ్మిరి మందు పట్టీలు రాశాడు. అవి రక్తం జోలికి పెద్దగా పోవన్నాడు. రాత్రి మాత్రను చాలా తక్కువ నుంచి మెల్లగా పెంచుదామన్నాడు. నొప్పుల డాక్టరుకు ఉత్తరం ఇచ్చాడు. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు తనూ, నొప్పుల డాక్టరూ, ఆయుర్వేదం డాక్టరమ్మా ముగ్గురూ కూర్చుని ఆ నూనె మాట మాట్లాడతామన్నాడు.

"ఒక్కటి మాత్రం ఖాయం," అన్నాడు. "చుక్కలు మీ చెల్లెలు వేయకూడదు."

"దానికి నేను ఎప్పుడో ఒప్పుకున్నా సార్," అంది అక్క.

ఇక లెక్క. నూనె మీద నేను తగ్గించిన డబ్బు ఆసుపత్రి క్యాంటీనులో బావ భోజనాలకు కూడా రాలేదు. స్కానింగు, మంచం, రోజూ రక్తపరీక్షలు, మూసిన అంగడి, అదను తప్పిన బావ నాట్లు ఇవన్నీ ఖర్చు కిందే. జమ కింద అక్క నిద్రపోయిన రోజులు రాసుకుందామని చాలా ఆశపడ్డాను. ఆ నిద్ర మందు గుణమో, నా కొసరుతో ఎక్కిన మత్తో, నొప్పి దానంతట అదే కాస్త తగ్గే కాలమో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. తేలని సరుకును లాభంలో రాయకూడదు గనుక రాయలేదు. పట్టీలు, రాత్రి మాత్ర కలిసి నొప్పిని సగం దాకా దించాయి. మిగతా సగం అక్క ఇంకా మోస్తోంది. మొక్క మీద నాకు కోపం లేదు, దాన్ని అమ్మిన ఆమె మీదా లేదు. ఆ రోజు గిల్లకుండా ఉండి, అక్కను మాత్ర పేరు చెప్పనిచ్చి, డాక్టరమ్మ అమ్మనంటే ఉత్తచేతులతో ఇంటికి వచ్చి ఉంటే, నాకు అయ్యే ఖర్చు విడవలూరు నుంచి నెల్లూరుకు రానుపోను ఆటో చార్జీ. అంతే.